సక్యులెంట్‌కు వేరుకుళ్లు: కొత్త వేర్లు తెప్పించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు సక్యులెంట్లు, అంటే ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకునే కండగల మొక్కలు, పెంచడం కష్టం కాదు, వానాకాలం దాటించడమే కష్టం. నర్సరీలో నిగనిగలాడిన ఎచెవేరియా ఆగస్టు వచ్చేసరికి మొదలు దగ్గర నల్లబడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. చాలామంది అప్పుడు కంగారుపడి ఇంకో గ్లాసు నీళ్లు పోస్తారు. ఎచెవేరియా, హవర్తియా, జేడ్, సెడమ్, కలబంద జాతులు, ఎడీనియం, కాక్టస్ పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. ఒక్క మాట ముందే చెప్పాలి: కుళ్లిన వేరును తిరిగి బాగుచేసే మందు ఏదీ లేదు. ఇక్కడ చెప్పేదంతా పాత వేర్లను వదిలేసి, మిగిలిన మొక్కకు కొత్తవి తెప్పించడం గురించే.

ఆకులు ముడతలు పడ్డాయి. నీళ్లు చాలకా, వేరుకుళ్లా?

రెండింటికీ ఆకులు ముడుచుకుంటాయి, అందుకే ఇంత గందరగోళం. నీళ్లు చాలని మొక్క ముడుచుకున్నా ఆకు గట్టిగానే ఉంటుంది, కింది ఆకులు కాగితంలా ఎండుతాయి. వేరు కుళ్లిన మొక్కకు తాగే నోరే పోయింది కాబట్టి మట్టి తడిగా ఉన్నా దాహంతో ముడుచుకుంటుంది. కొన్నాళ్లకు కింది ఆకులు పసుపురంగుకు తిరిగి, అవతల వెలుతురు కనిపించేంత పల్చబడి, వేలు తగిలితే చాలు రాలిపోతాయి.

కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, పావుగంట ఉంచి తీయండి. పుల్ల తడిగా ఉండి, ఆకులు ముడతలు పడి ఉంటే వేరుకుళ్లు అనే అనుకోండి. అనుమానం తీరకపోతే మొక్కను బయటికి లాగి చూడండి. వంగ నారు, టమాటా నారు పీకితే వాడిపోతాయి గానీ సక్యులెంట్‌కు వేర్లు నాలుగు రోజులు గాలికి ఉన్నా ఏమీ కాదు.

మంచి వేరుకీ కుళ్లిన వేరుకీ తేడా ఎలా తెలుస్తుంది?

మట్టిని విదిలించి, అంటుకున్నదాన్ని కుళాయి కింద కడిగేయండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉంటుంది, లాగితే తెగనంటుంది. కుళ్లిన వేరు ముదురు గోధుమ నుంచి నలుపు. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా లాగితే పైతొక్క జారిపోయి చేతికి వచ్చేస్తుంది, లోపల సన్నటి దారం మాత్రం మొక్కకు వేలాడుతుంది. ఆ దారం కనిపించాక ఇంకే పరీక్షా అక్కర్లేదు. వాసన కూడా చెబుతుంది: మామూలు మట్టి వాసన కాకుండా మురుగు వాసన వస్తే బ్యాక్టీరియా కూడా చేరినట్టే. అది మహా వేగంగా పాకుతుంది, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

రంగు ఒక్కటే చూసి మోసపోకండి. కోకోపీట్‌లో, అంటే కొబ్బరిపీచు పొట్టులో, పెరిగిన మొక్కల వేర్లకు దాని రంగు పట్టి గోధుమగా కనిపిస్తాయి. గట్టిగా ఉంటే అవి మంచివే.

సగం వేర్లు బాగానే ఉన్నాయి. వాటిని ఉంచెయ్యొచ్చా?

కాండం అడుగు చూసి నిర్ణయించండి. అడుగు గట్టిగా, శుభ్రంగా ఉంటే కుళ్లినవాటిని మాత్రం కత్తిరించి, మొక్కను మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మట్టిలో పెట్టొచ్చు. కాండం అడుగున ఎక్కడైనా మెత్తదనమో నల్లమచ్చో ఉంటే ఆ మిగిలిన సగం మీద ఆశ పెట్టుకోవద్దు. ఉన్న నాలుగు వేర్ల మీద జాలిపడి మొక్క మొత్తాన్ని పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

కాండం ఎంతవరకు కోయాలి?

శుభ్రమైన కండ కనిపించేవరకు. మొత్తం పనిలో తేడా చేసేది ఇదే, అందుకని కాస్త వివరంగా చెప్పుకుందాం.

కొత్త షేవింగ్ బ్లేడుగానీ పదునైన కట్టర్‌గానీ తీసుకుని స్పిరిట్‌తో తుడవండి. శానిటైజరైనా సరే. కింది నుంచి చక్రాల్లా పల్చగా కోసుకుంటూ పైకి రండి, ప్రతి కోత తర్వాత బ్లేడు మళ్లీ తుడవండి. ఈ తుడవడం బద్ధకించి మానేస్తే కింది కుళ్లును మన చేత్తో మనమే పైకి ఎక్కించినట్టు.

కోసిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. ఆరోగ్యమైన కాండం లేత ఆకుపచ్చగానో తెల్లగానో ఒకే రంగులో ఉంటుంది, మధ్యలో నీటినాళాల వలయం మసగ్గా కనిపిస్తుంది. ఆ వలయం మీద గోధుమరంగు చుక్కలు ఉన్నాయంటే కుళ్లు నాళాల వెంట ఇంకా పైకి పోయిందన్నమాట. చుట్టూ ఉన్న కండ ఎంత తెల్లగా ఉన్నా నమ్మొద్దు, ఇంకో చక్రం కోయండి. గుండుసూది మొనంత చుక్క మిగిలినా పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. చుక్కలు పూర్తిగా పోయాక ఇంకొక్క చక్రం అదనంగా తీసేయడం మంచిది.

ఇలా కోస్తూ కోస్తూ చివరికి పువ్వంత తల, అంటే పై ఆకుల గుత్తి, మాత్రమే మిగలొచ్చు. దిగులు పడక్కర్లేదు, దానికి అర అంగుళం కాండం ఉన్నా చాలు. కింది వరస ఆకులు రెండు మూడు పక్కకు కదిపి తీసేస్తే ఆ కాండం దొరుకుతుంది. తీసిన ఆకులు పారేయకండి, వాటి పని కింద చెబుతాను.

జెముడు జాతి, అంటే యుఫోర్బియాలు కోస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, ఒంటి మీద పడినా మండుతుంది. గ్లౌజులు వేసుకుని, పాలు ఆగేదాకా కోత మీద నీళ్లు చల్లండి. ఎడీనియం రసం విషం. పిల్లలు, మేకలు తిరిగే చోట ముక్కలు వదలొద్దు.

పసుపు రాయాలా, దాల్చినచెక్క పొడా, మందా?

కోత శుభ్రంగా ఉండి, గాలి తగిలితే ఏదీ అక్కర్లేదు. పసుపు వల్ల పెద్దగా నష్టం లేదు, పెద్దగా లాభమూ లేదు. దాల్చినచెక్క పొడి కోతను ఆరబెడుతుంది, కానీ వేర్లు రావాల్సిన చోట దట్టంగా మెత్తొద్దు. తేనె రాయొద్దు, మన ఇళ్లలో వేర్ల కన్నా ముందు చీమలొస్తాయి.

మురుగు వాసన వచ్చిన మొక్కకో, ముసురు రోజుల్లో కోయాల్సి వచ్చినప్పుడో మందు వాడొచ్చు. పురుగుమందుల కొట్టులో దొరికే కార్బెండజిమ్, మ్యాంకోజెబ్ కలిసిన పొడి లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, కోసిన అడుగును కాసేపు ముంచి తీసి ఆరబెట్టండి. వేరుకుళ్లు తెచ్చేవాటిలో పితియం, ఫైటాఫ్తొరా అసలు శిలీంధ్రాలు కావు, నీటి బూజులు. కార్బెండజిమ్ ఒక్కటే వాడితే వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే రెండూ కలిసినదో, కాపర్ ఆక్సీక్లోరైడో తీసుకోవాలి. చేతికి గ్లౌజు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. వంటింటి చెంచాతో కొలవకండి.

మన దగ్గరే ఎందుకు ఇంతగా కుళ్లుతాయి? వారానికి ఒక్కసారే నీళ్లు పోస్తున్నాం కదా.

వారానికి ఒకసారి అనేది ఏ ఊరి లెక్కో ముందు చూడాలి. ఎచెవేరియా మెక్సికో కొండప్రాంతాల మొక్క. జేడ్, హవర్తియా దక్షిణాఫ్రికావి. ఈ జాతులు పగలు ఆకుల రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, చల్లటి రాత్రి పూట కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాచుకుంటాయి. జులైలో కళింగపట్నం వైపో భోగాపురం వైపో రాత్రి పదింటికి డాబా ఎక్కి చూడండి, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. అంత ఉక్కలో ఆకుల నుంచి నీరు పోదు, పోనప్పుడు వేరు కొత్త నీరు లాగదు. మొక్క తాగదు, మట్టి ఆరదు. వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి సందులన్నీ నీళ్లతో నిండితే గాలి అందక వేరు చస్తుంది, చచ్చినదాని మీద బూజులు చేరతాయి.

రెండో కారణం కోకోపీట్. కడియం నర్సరీల నుంచి లారీల్లో మన ఊళ్లకు వచ్చే చిన్న మొక్కలు ఎక్కువగా అందులోనే ఉంటాయి. బరువు తక్కువ కాబట్టి రవాణాకు బాగుంటుంది. ఇంటికొచ్చాక మాత్రం పైన ఎండినట్టు కనిపిస్తూ లోపల ముద్దగా తడి పట్టుకుని ఉంటుంది. కొన్న వారంలోనే వేర్ల చుట్టూ ఉన్న ఆ ముద్ద తీసేసి మట్టి మార్చాలి.

మూడోది మన క్యాలెండరు. నైరుతి వానలు తగ్గుముఖం పట్టి, ఇక గండం గడిచింది అనుకునే వేళకే తుఫాన్లొస్తాయి. తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు తీరం దాటింది, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర దాటింది. నాలుగు నెలలుగా తడిసి ఉన్న కుండీల మీద ఆ వాన పడితే ఇక చెప్పేదేముంది. దసరా తర్వాత విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యేదాకా సక్యులెంట్లను డాబా మీదికి ఎక్కించకపోవడమే నయం.

మా గుంటడు రోజూ మగ్గుతో నీళ్లు పోసేశాడు. మొక్క ఇంకా గట్టిగానే ఉంది. ఇప్పుడే కోసెయ్యాలా?

వద్దు. మట్టిలోంచి తీసి, వేర్లు విడదీసి, రెండు రోజులు ఫ్యాను గాలికి పెట్టి పొడి మట్టిలో నాటండి. పది రోజులు నీళ్లు పోయకండి. గుంటడికి మందార మొక్క అప్పజెప్పండి, ఎన్ని నీళ్లైనా తాగుతుంది.

కోశాక ఎన్నాళ్లు ఆరబెట్టాలి?

కోసిన చోట చర్మంలా గట్టి పొర కట్టాలి. గోరుతో తాకితే పొడిగా, కాస్త లోపలికి గుంటపడినట్టు ఉండాలి. సెడమ్, చిన్న ఎచెవేరియాలాంటి సన్న కాండాలకు 2 నుంచి 4 రోజులు పడుతుంది. బొటనవేలంత జేడ్‌కు దాదాపు వారం, లావుపాటి కాక్టస్‌కు, ఎడీనియంకు రెండు మూడు వారాలు కూడా పడుతుంది. ఇవి పొడి వాతావరణం లెక్కలు. ముసురు పట్టిన వారంలో వీటిని రెట్టింపు చేసుకోండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. వంటింట్లో వద్దు, ఆవిరి ఉంటుంది. ఫ్యాను తిరిగే గదిలో, కిటికీ వెలుతురు తగిలేచోట పెట్టండి. ఖాళీ కోడిగుడ్ల అట్టలో తలలు పైకి ఉండేలా నిలబెడితే కోతకు కింద గాలి తగులుతుంది. పడుకోబెడితే మొక్క వెలుతురు వైపు మెడ తిప్పి వంకర పోతుంది. ఎండలో ఆరబెడితే త్వరగా అయిపోతుంది కదా అని కొందరు డాబా మీద పెడతారు. అలా చేస్తే వేర్లు లేని మొక్క ఆకులు కమిలిపోతాయి. తుఫానుకు కరెంటు పోయి ఫ్యాను లేకపోతే తలుపు పక్కన గాలి ఆడేచోట ఉంచి, తొందరపడకుండా కాచుకోవడమే మార్గం.

నీళ్లు పోయకుండా వేర్లెలా వస్తాయి?

ఆకుల నిండా నీళ్లున్నాయి, అదే దాని పెట్టుబడి. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం వెంట కిందికి దిగి, దారి తెగిపోవడంతో కోత దగ్గర పోగుపడుతుంది. నాళాల పక్కనున్న కణాలు దాంతో వేరు మొలకలుగా మారతాయి. గుడ్ల అట్టలో మరిచిపోయిన ఎచెవేరియాకు చుక్క నీరు లేకుండానే గులాబీరంగు దారాలు దిగడం మామూలే. బజార్లో దొరికే వేర్ల హార్మోన్ పొడి గట్టి కాండం ఉన్న పూలమొక్కలకు పనికొస్తుంది గానీ సక్యులెంట్లకు దాని మీద డబ్బు పెట్టక్కర్లేదు.

గ్లాసు నీళ్లలో పెడితే త్వరగా రావా?

వస్తాయి. కాకపోతే అవి నీటికి అలవాటుపడ్డ పెళుసు వేర్లు. మట్టిలోకి మార్చగానే చాలావరకు పోయి మళ్లీ కొత్తవి రావాలి. పైగా ఒకసారి కుళ్లిన మొక్కను నీళ్లలో ముంచడం అంటే కోరి తెచ్చుకోవడమే. అంతగా చూడాలని ఉంటే టీ గ్లాసు అంచు మీద మొక్క కూర్చునేలా పెట్టి, నీటికీ కోతకూ మధ్య అర అంగుళం ఖాళీ ఉంచండి. ఆ తేమ కోసం వేర్లు కిందికి దిగుతాయి. అర అంగుళం దిగగానే మట్టిలోకి మార్చేయాలి. వానాకాలంలో మాత్రం ఈ పద్ధతి నేను ఎవరికీ చెప్పను. గాలిలో ఉన్న తేమే చాలు, గ్లాసు ఎందుకు?

మట్టి ఎలా కలపాలి? ఆన్‌లైన్‌లో చెప్పేవేవీ ఇక్కడ దొరకవు.

దొరికేవాటితోనే బాగా అవుతుంది. నాగావళి ఇసుకో వంశధార ఇసుకో ఇంటి పని జరిగేచోట దొరుకుతుంది. అందులో సన్నది పనికిరాదు, నీళ్లు పడగానే అట్టకట్టి గాలి ఆడనివ్వదు. మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడలో పైన మిగిలిపోయే పలుకులు, చిన్న గులకరాళ్లు మనకు కావాలి. వాళ్లు ఎలాగూ పక్కన పోసేస్తారు. సముద్రపు ఇసుక జోలికి పోవద్దు, అందులో ఉప్పుంటుంది. క్రషర్ బూడిద కూడా వద్దు, సిమెంటులా బిగుసుకుంటుంది.

ఇటుక ముక్కలు శనగగింజంత సైజుకు కొట్టి, పొడిని జల్లించి పారేయండి. ఇస్త్రీ బండి దగ్గర అడిగితే బొగ్గు పలుకులు ఇస్తారు. రైసుమిల్లు ఊక పచ్చిది వేస్తే తడి పట్టుకుని అదే కుళ్లుతుంది. కాల్చిన నల్ల ఊక మంచిది, కానీ తెల్లబూడిద అయిపోయినది వద్దు, దానికి క్షారగుణం ఎక్కువ.

వేర్లు తెప్పించే దశలో ఎరువే వద్దు. ఇసుక పలుకులు రెండు పాళ్లు, ఇటుక ముక్కలు రెండు పాళ్లు, బొగ్గో నల్ల ఊకో ఒక పాలు చాలు. వేర్లు పట్టాక మార్చే కుండీలో బాగా మాగిన పశువుల ఎరువుగానీ వర్మీ కంపోస్టుగానీ ఒక పాలు కలపండి. కలిపిన మట్టికి గ్లాసు నీళ్లు పోసి చూడండి. పోసిన నీరు పైన నిలబడకుండా చకచకా కిందికి దిగిపోవాలి.

కుండీ మట్టిదైతే మేలు, పక్కల నుంచి కూడా ఆరుతుంది. చిల్లు తప్పనిసరి. మొక్క తల కన్నా ఒక అంగుళం పెద్దది చాలు. పెద్ద కుండీలో వేర్లు లేని చోటంతా తడి నిలిచిపోతుంది. చిల్లు లేని పింగాణీ కప్పులు అమ్మేవాళ్లు అమ్మనీ, మీరు మాత్రం కొనకండి.

నాటాక మొదటి నీళ్లు ఎప్పుడు?

పొడి మట్టి మీద కూర్చోబెట్టి వదిలేయండి, కాండం పావు అంగుళం లోపలికి ఉంటే చాలు. ఊగుతుంటే చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చండి. మొదటి రెండు వారాలు ఏమీ వద్దు. తర్వాత, పొడి కాలమైతే, వారానికోసారి కుండీ అంచు వెంట రెండు చెంచాల నీళ్లు వేయండి. మధ్యలో పోయకండి, ఆకుల సందుల్లో నీరు నిలవనివ్వకండి. వేర్లు పట్టాయని తేలాకే చిల్లులోంచి కారేదాకా నిండుగా పోయడం, తర్వాత పూర్తిగా ఆరేదాకా ఆగడం. కింద ప్లేటు పెట్టినవాళ్లు కారిన నీళ్లు అప్పుడే పారబోయాలి.

వేర్లు వచ్చాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

రెండు వేళ్లతో తలను పట్టుకుని చాలా మెల్లగా పైకి అనండి. కదలకుండా మట్టి పట్టుకున్నట్టు అనిపిస్తే వచ్చినట్టే. ఎచెవేరియా, సెడమ్‌లకు రెండు నుంచి నాలుగు వారాలు, జేడ్‌కు నెల, కాక్టస్‌కు రెండు నెలలు కూడా పట్టొచ్చు. రోజూ పీకి చూసేవాళ్ల మొక్కకు ఎప్పటికీ రావు, ఎందుకంటే వచ్చిన ప్రతి వేరు కొసా పీకినప్పుడల్లా తెగుతుంది. ఇంకో గుర్తు: ముడుచుకున్న ఆకులు మళ్లీ బిగుస్తాయి, నడిమధ్య చిగురు లేతరంగులో విచ్చుకుంటుంది.

కింది ఆకులు వరసగా ఎండిపోతున్నాయి. మళ్లీ టెన్షన్ మొదలైంది.

పొడిగా, పల్చగా ఎండితే మంచిదే. వేర్ల కోసం మొక్క వాటిని తినేస్తోంది. తడిగా, అద్దంలా పల్చబడి రాలితే మాత్రం మళ్లీ బయటికి తీసి కోత చూడండి.

తల కూడా కుళ్లిపోయింది, నాలుగు ఆకులే మిగిలాయి. ఏమైనా చేయొచ్చా?

జాతిని బట్టి. ఎచెవేరియా, సెడమ్, గ్రాప్టోపెటలమ్, జేడ్ ఆకు మొదలుతో సహా శుభ్రంగా ఊడివస్తే దాని నుంచి మొక్క వస్తుంది. సగానికి తెగిన ఆకుకు చాలాసార్లు ఏమీ రాదు. రణపాల గురించి చెప్పక్కర్లేదు, ఆకు అంచుల నిండా పిల్లలే. కలబంద ఆకు నాటితే రాదు, కుళ్లుతుంది. దానికి పిలకలే గతి. స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు వేర్లు వేస్తాయి, అయితే పసుపు అంచు రకం ముక్క నుంచి పుట్టే పిలకకు ఆ అంచు ఉండదు, ఆకుపచ్చగా వస్తుంది.

ఆకులను పొడి మట్టి మీద పడుకోబెట్టి వదిలేయండి. పూడ్చకండి. కొన్నిటికి ముందు వేర్లొస్తాయి, కొన్నిటికి ముందు పిల్ల వస్తుంది, కొన్ని ఊరికే ఎండిపోతాయి. అందుకే ఒక్కటి కాకుండా ఉన్నవన్నీ పెట్టాలి.

ఎడీనియం దుంప ఒక పక్క మెత్తబడింది.

దుంప మొత్తం పోయిందనుకోకండి. మెత్తబడిన చోటును పుచ్చు తీసినట్టు చెంచాతో గట్టి కండ వచ్చేదాకా తవ్వేయండి. గుంట ఎండి చెక్కలా అయ్యాకే నాటాలి, ఆ పక్కను మట్టి పైకి ఉంచాలి. మచ్చ జీవితాంతం ఉంటుంది. దుంప పూర్తిగా నీరుగారితే పైకొమ్మలు కోసి వేర్లు తెప్పించొచ్చు, కానీ ఆ కొమ్మలకు గింజమొక్కకు వచ్చేంత బొద్దు దుంప సాధారణంగా రాదు.

ఎర్రటి తల ఉన్న రంగు కాక్టస్ కింది భాగం కుళ్లింది. తలకు వేర్లు వస్తాయా?

వచ్చినా బతకదు. ఆ ఎర్ర, పసుపు తలల్లో పత్రహరితం ఉండదు, సొంతంగా తిండి చేసుకోలేవు. కింది ఆకుపచ్చ కాండం వేరే కాక్టస్, దాని మీద అంటు కట్టి అమ్ముతారు. తల ఇంకా గట్టిగా ఉంటే ఇంకో పచ్చ కాక్టస్ మీద అంటు కట్టాలి. డ్రాగన్ ఫ్రూట్ కాడ ముక్క దానికి బాగా సరిపోతుంది, మామూలుగా వాడేది కూడా ఆ జాతి కాండాన్నే.

ఈ పని చేయడానికి ఏ కాలం మంచిది?

ఎంచుకునే వీలుంటే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. గాలిలో తేమ తక్కువ, రాత్రులు చల్లగా ఉంటాయి, కోత చక్కగా ఆరుతుంది. అరసవల్లి రథసప్తమి వెళ్లాక ఎండ ముదురుతుంది కాబట్టి అప్పుడు నాటినవాటికి మధ్యాహ్నం పరదా నీడ కావాలి. కుళ్లు మాత్రం మన వీలు చూసి రాదు. జులైలో కనిపించినా ఆ రోజే కోయండి, ఆరబెట్టడం ఎక్కువ రోజులు చేయండి.

పాత మట్టి, కుండీ మళ్లీ వాడొచ్చా?

కుండీని బాగా రుద్ది కడిగి, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి అరగంట నానబెట్టి, ఎండలో ఆరేయండి. మట్టిని వెంటనే ఇంకో మొక్కకు వేయొద్దు. గోనెసంచిలో కట్టి ఏప్రిల్ దాకా పక్కన పెట్టండి. అప్పుడు కాస్త తడిపి, డాబా మీద పల్చగా పరిచి, అవతలికి కనిపించే ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి నాలుగైదు వారాలు ఎండనివ్వండి. అందులో పాత కోకోపీట్ ముద్దలు ఉంటే ఏరి కరివేపాకు పాదులో వేసేయకండి, చెత్తబండికి ఇచ్చేయండి.